ఎండ కరువైన అడవి

తార్నాక చౌరస్తాలో నిలబడి నాలుగు వైపులా చూస్తే ఏదో ఒక గోడ పగుల్లోనో, అపార్ట్‌మెంటు డ్రైనేజీ పైపు మలుపులోనో రావి మొక్క కనిపించి తీరుతుంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. వేళ్ళ కింద పిడికెడు మట్టయినా ఉండదు. పీకితే మళ్ళీ వస్తుంది. ఇంటివాళ్ళు రావి మొక్క అని పీకడానికి జంకుతారు, మేస్త్రీ వచ్చి యాసిడ్ పోసి పోతాడు, రెండు వానలు పడ్డాక పక్కనే ఇంకో రెండాకులు తొంగిచూస్తాయి. ఇక ఉస్మానియా క్యాంపస్‌లోకి వచ్చి పెద్ద రావిచెట్టు కింద వెతికి చూడండి. వేల పళ్ళు రాలి ఉంటాయి. అక్కడ నేలమీద మొలిచిన పిల్లమొక్క మాత్రం అంత తేలిగ్గా దొరకదు. గోడమీద మొండిగా బతికే మొక్కకు నేల ఎందుకు అచ్చిరాదు?

జవాబు దక్కన్ పీఠభూమిలో దొరకదు. రావి, మర్రి, మేడి, జువ్వి అన్నీ ఒకే ప్రజాతి చెట్లు. ఫైకస్ అనే ఆ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నాయి. వాటిలో అత్యధికం ఉష్ణమండలంలోని తడి అడవుల్లో ఉంటాయి. గోడమీద బతికే విద్య ఆ ఇంటి విద్య.

హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు బాగా దక్షిణాన ఉంది. అంటే నికరమైన ఉష్ణమండల నగరమే. అయినా ఇక్కడ వర్షారణ్యం లేదు, ఉండే వీలూ లేదు. ఏడాదికి మనకు పడేది సుమారు 80 సెంటీమీటర్ల వాన. అందులో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. వర్షారణ్యంలో సాధారణంగా 200 సెంటీమీటర్లకు పైనే పడుతుంది, కానీ అసలు తేడా ఆ మొత్తంలో లేదు, పంపకంలో ఉంది. వాతావరణ శాస్త్రజ్ఞుడు కెప్పెన్ గీసిన గీత ప్రకారం అన్నిటికంటే పొడిగా ఉండే నెలలో కూడా 6 సెంటీమీటర్ల వాన పడాలి. మనకు డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలల వాన కలిపినా ఆ లెక్కకు చేరడం కష్టం. వర్షారణ్యంలో వేడి కూడా ఏడాది పొడుగునా 25, 27 డిగ్రీల దగ్గరే ఆడుతుంటుంది. పగటికీ రాత్రికీ ఉన్న తేడా అంత కూడా నెలకూ నెలకూ మధ్య ఉండదు. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు షింపర్ 1898లో తన గ్రంథంలో ఈ అడవులకు ‘ఉష్ణమండల వర్షారణ్యం’ అని పేరు పెట్టాడు.

వానకు లోటు లేదు, వేడికి లోటు లేదు. అలాంటి చోట మొక్కకు ఇంకేం కష్టం అనిపిస్తుంది. జీవశాస్త్రంలో నన్ను ఎప్పుడూ ఆకర్షించే విషయం ఇది: ఒకచోట మొక్కల రూపురేఖలను నిర్ణయించేది అక్కడ దండిగా ఉన్నది కాదు, కరువైనది. హైదరాబాదులో కరువు నీటికి. అందుకే జమ్మి పదుల మీటర్ల లోతుకు వేరు దించుతుంది, తుమ్మ ఆకును సన్నగా చీల్చుకుంటుంది, జిల్లేడు ఆకుమీద నూగు కప్పుకుంటుంది, మోదుగ వేసవికి ముందే ఆకు రాల్చేసి ఒట్టి కొమ్మల మీద పూస్తుంది. వర్షారణ్యంలో కరువు రెండింటికి. ఒకటి వెలుతురు, రెండోది నేలలోని లవణాలు.

ముప్పై, నలభై మీటర్ల ఎత్తున చెట్ల కొమ్మలు కలిసిపోయి ఆకుల కప్పు ఏర్పడుతుంది. ఆ కప్పు మీద పడ్డ ఎండలో నూటికి ఒక పాలో రెండు పాళ్ళో మాత్రమే నేలకు దిగుతుంది. సినిమాల్లో చూపించినట్టు కింద అడుగు పెట్టడానికి వీల్లేని పొదలుండవు. అవి నది ఒడ్డునా, చెట్టు కూలిన జాగాల్లోనూ ఉంటాయి. లోపల చీకటిగా, కొంత బోసిగానే ఉంటుంది. ఇక నేల సంగతి. కోట్ల ఏళ్ళుగా వాన కడిగి కడిగి అందులోని పొటాషియం, కాల్షియం, భాస్వరం చాలా చోట్ల వెళ్ళిపోయాయి. అడవి ఎరువంతా చెట్ల ఒంట్లోనే ఉంటుంది. ఆకు రాలితే కొన్ని నెలల్లో కుళ్ళిపోతుంది, అందులోని లవణాలు మట్టిలోకి జారకముందే పైపైన పరుచుకున్న వేళ్ళూ, ఆ వేళ్ళను అంటిపెట్టుకున్న బూజు తీగలూ వాటిని లాగేసుకుంటాయి. వేళ్ళు లోతుకు వెళ్ళాల్సిన పని లేదు, లోతున తినడానికి ఏమీ లేదు. మరి నలభై మీటర్ల చెట్టు నిలబడేదెలా? మొదలు చుట్టూ గోడల్లాంటి పలక వేళ్ళు లేచి దానికి దన్నుగా నిలుస్తాయి. మన బూరుగు చెట్టు ముదిరితే మొదట్లో ఆ పలకల నమూనా కొంత చూడొచ్చు.

ఇంత పచ్చని అడవి నరికి సాగు చేస్తే రెండు మూడేళ్ళకే పంట ఎందుకు తగ్గిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఎరువు నేలలో లేదు, కొట్టేసిన చెట్టులో ఉంది. కాల్చిన బూడిద ఉన్నన్నాళ్ళే పంట. మారేడుమిల్లి కొండల్లో పోడు చేసే కొండరెడ్లు రెండు మూడు పంటలు తీసి ఆ జాగాను ఏళ్ళ తరబడి వదిలేయడంలో ఉన్న లెక్క ఇదే. పోడును అజ్ఞానమని కొట్టిపారేసిన వాళ్ళు ఆ విడుపు కాలం సంగతి పట్టించుకోలేదు. విడుపు తగ్గినచోట పోడు చెడిందన్నది వేరే మాట.

వెలుతురు కోసం జరిగే పోరాటాన్ని చూడటానికి అమెజాన్ దాకా వెళ్ళనక్కర్లేదు. తార్నాకలో ఏ ఫ్లాటుకు వెళ్ళినా సీసా నీళ్ళలో మనీప్లాంట్ ఉంటుంది. దాని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తహితి పక్కనున్న మోరేయా అనే చిన్న దీవి. మే నెల మధ్యాహ్నం క్యాంపస్ రోడ్డుమీద లక్ష లక్సుల వెలుగుంటే మన హాల్లో మూలకు చేరేది ఐదొందలు ఉంటే గొప్ప. అంటే నూటికి అర పాలు. వేప మొక్కను అక్కడ పెడితే నెలలో పాలిపోతుంది. మనీప్లాంట్‌కు మాత్రం అది పుట్టింటి చీకటిలాగే ఉంటుంది. రోడ్డు పక్క నర్సరీలో ‘ఇండోర్’ అని అమ్మే ఫిలోడెండ్రాన్, సింగోనియం, డైఫన్‌బాకియా, కలాతియా అన్నీ ఈ బాపతే. వర్షారణ్యపు అడుగు అంతస్తులో పెరిగిన మొక్కలు. పల్చటి వెడల్పాటి ఆకు, ఆకు నిండా పత్రహరితం, ఊపిరి పీల్చుకోవడానికి అయ్యే ఖర్చు బహు తక్కువ. పైకప్పు సందుల్లోంచి క్షణకాలం జారిపడే ఎండ మచ్చలను ఒడిసిపట్టుకోవడం వీటికి తెలుసు. చాలా అడవుల్లో కింది మొక్క రోజు మొత్తం మీద సంపాదించే వెలుతురులో పెద్ద వాటా ఆ మచ్చలదే.

మనీప్లాంట్ దగ్గర ఇంకో చిత్రం ఉంది. బాల్కనీలోంచి కిందికి వేలాడే తీగను చూడండి. పోనుపోను ఆకులు చిన్నవైపోతాయి. అదే తీగను మామిడి మానుకో కొబ్బరి మానుకో ఎక్కించండి. పైకి పోయేకొద్దీ ఆకు విస్తరంత అవుతుంది, అంచులు చీలతాయి, ఇది అదేనా అనిపిస్తుంది. వేలాడుతున్నానంటే ఆధారం దొరకలేదని, ఖర్చు తగ్గించుకోవాలని మొక్క లెక్క. ఎక్కుతున్నానంటే వెలుతురు దగ్గరపడుతోందని. ఇంకా వింత దీని చుట్టం మాన్‌స్టెరాది. దాని గింజ అడవి నేలమీద మొలకెత్తగానే తీగ వెలుతురు వైపు పోదు. అన్నిటికంటే చీకటిగా ఉన్న దిక్కుకు పాకుతుంది! కోస్టారికా అడవిలో ఈ విడ్డూరాన్ని గమనించి స్ట్రాంగ్, రే అనే ఇద్దరు 1975లో ప్రచురించారు. ఆ చీకటి మరేదో కాదు, ఒక లావాటి చెట్టు మాను. దాన్ని తాకాక తీగ మనసు మార్చుకుని వెలుతురు వైపు ఎక్కడం మొదలుపెడుతుంది. మొక్కలు వెలుగు వైపు వంగుతాయని బడిలో చదువుకున్న పాఠానికి ఇది మంచి మినహాయింపు. అన్నట్టు, మీ ఇంట్లో మనీప్లాంట్ ఎప్పుడైనా పూసిందా? పూయదు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోన్‌ను తయారుచేసే జన్యువు అందులో సరిగ్గా పనిచేయడం లేదని 2016లో తేల్చారు. ముక్కలు తుంచి నాటుకుంటూ మనుషులే దాని వంశాన్ని ప్రపంచమంతా పాకించారు.

ఇప్పుడు రావి దగ్గరికి వద్దాం. తీగ నేలమీద మొదలై పైకి ఎక్కుతుంది. దానికంటే తెలివైన పద్ధతి అసలు పైనే పుట్టడం. పక్షి తిన్న పండులోని గింజ రెట్టతో పాటు ఎత్తైన కొమ్మ సందులో పడుతుంది. అక్కడ వెలుతురు ఉంది, మట్టి లేదు. వాన వెలిసిన గంటకే కొమ్మ ఎండిపోతుంది. అంటే వర్షారణ్యం పైకప్పు మీద పుట్టిన మొక్కకు అది ఒక చిన్న ఎడారి. ఆ ఎడారిలో నిలదొక్కుకున్న మొక్క సన్నటి వేళ్ళను మాను వెంట కిందికి వదులుతుంది. నేల తగలగానే పెరుగుదల ఒక్కసారి ఊపందుకుంటుంది. వేళ్ళు లావెక్కి, ఒకదాన్నొకటి కలుసుకుని, మానును వల అల్లినట్టు చుట్టేస్తాయి. పైన దాని ఆకులు ఆశ్రయమిచ్చిన చెట్టుకు ఎండ తగలనివ్వవు. కొన్ని దశాబ్దాలకు లోపలి చెట్టు చచ్చి పుచ్చిపోతుంది, నడుమ బోలుతో మర్రో జువ్వో మిగులుతుంది. తాటిచెట్టును కౌగిలించుకున్న రావిని పల్లెల్లో చూసి దండం పెట్టుకునేవాళ్ళున్నారు. తాటిచెట్టుకు మాత్రం ఆ కౌగిలి మంచిది కాదు.

అపార్ట్‌మెంటు గోడ రావి గింజకు ఒక ఎత్తైన కొమ్మ, అంతే. మట్టి లేకపోవడం, తడి ఆరిపోవడం, ఎండ నెత్తిన పడటం అన్నీ దానికి అలవాటైనవే. నేలమీద గడ్డితో, చెదలతో, పశువులతో, నీడతో పోటీపడటం దానికి రాదు. గింజ ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదు, లోపల దాచుకున్న తిండి దాదాపు సున్నా.

దక్కన్‌లో ఈ జాతులు తమ విద్యను మరో రకంగా వాడుకున్నాయి. అడవిలో పైకి పోవడానికి పనికొచ్చిన వేళ్ళు, ఎండ నలువైపులా దొరికే మైదానంలో పక్కకు పోవడానికి పనికొచ్చాయి. మర్రి కొమ్మనుంచి దిగిన ఊడ నేలతాకి మరో మాను అవుతుంది, కొమ్మ ఇంకా ముందుకు సాగుతుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అలా సాగి సాగి అయిదెకరాలకు దగ్గరగా పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిదీ అదే కథ.

ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివాడికీ ‘వెలమెన్’ అనే మాట నోటికొచ్చు. చెట్లమీద బతికే వాండా ఆర్కిడ్ వేళ్ళకు ఉండే పొర అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు పదిమందిలో ఒకరుంటే గొప్ప. నిజానికి వాండా మన మామిడి తోటల్లోనూ ఉంటుంది, కొమ్మలవైపు తలెత్తి చూడాలంతే. గాలిలో వేలాడే దాని వేరు ఎండినప్పుడు వెండిలా తెల్లగా ఉంటుంది. నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. నిమిషంలోపే ఆకుపచ్చగా మారుతుంది. పైనున్నది చచ్చిన కణాల పొర, గాలి నిండిన ఖాళీ గదులు. నీళ్ళు తగలగానే అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది, గదులు నిండి పారదర్శకమై లోపలి పత్రహరితం బయటికి కనిపిస్తుంది. వాన పడ్డ కొద్ది నిమిషాల్లో దొరికినంత దాచుకుని, మళ్ళీ వాన దాకా దాంతో గడుపుకోవాలి. బదనికతో దీన్ని పొరబడకూడదు. బదనిక చెట్టులోకి వేరు గుచ్చి నీళ్ళు దొంగిలిస్తుంది. వాండా కూర్చోవడానికి చోటు తప్ప చెట్టునుంచి ఏమీ తీసుకోదు.

రావి ఆకు తోక గురించీ చెప్పాలి. ఆకు కొస అంగుళానికి పైగా సన్నగా సాగి ఉంటుంది. వాన నీరు ఆ కొస వెంట జారి ఆకు తొందరగా ఆరుతుందని, నాచూ బూజూ పట్టదని చాలాకాలంగా పుస్తకాల్లో ఉంది. వర్షారణ్యాల్లో, అదీ చెట్టు కింది మొక్కల్లో, ఇలాంటి కొసలు ఎక్కువ. వాన ఎక్కువ పడే చోట్ల మరీ ఎక్కువ. కొస కత్తిరించి చూస్తే ఆకుమీద నీరు ఎక్కువసేపు నిలిచిందని ప్రయోగాల్లో తేలింది. కానీ నాచు పట్టడంలో తేడా రాలేదని చెప్పిన ప్రయోగాలూ ఉన్నాయి. కథ మొదటి సగం నిలిచింది, రెండో సగం మీద ఇంకా వాదన నడుస్తోంది. పాఠ్యపుస్తకం మాత్రం రెండు సగాలనూ ఒకే గొంతుతో చెప్పేస్తుంది.

ఉగాదికి తోరణం కట్టే మామిడి ఆకులు ముదురువి, కానీ ఆ రోజుల్లోనే కొమ్మ చివర్ల వేలాడే చిగుళ్ళను గమనించండి. రాగి రంగులో, వాడిపోయినట్టు మెత్తగా, కొసలు నేలకు చూస్తూ వేలాడుతుంటాయి. మామిడి పుట్టింది ఈశాన్య భారతం, మయన్మార్ ప్రాంతపు తడి అడవుల్లోనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ చిగురు ఆ అడవి గుర్తు. సీతాఅశోకం చిగురూ ఇంతే, నేరేడుదీ కొంత ఇంతే. వర్షారణ్యంలో పురుగులకు చలికాలపు సెలవు లేదు, ఎండాకాలపు సెలవు లేదు. ఆకు తన జన్మలో పురుగుకు పోగొట్టుకునే దానిలో పెద్ద భాగం లేత వయసులోనే పోగొట్టుకుంటుంది, ముదిరిన ఆకు నమలడానికి గట్టి. కాబట్టి గట్టిపడేదాకా పత్రహరితంలో పెట్టుబడి పెట్టకుండా ఉండటం లాభం. పురుగు తిన్నా పోయేది తక్కువ. ఎర్రటి ఆంథోసయనిన్ రంగు నడినెత్తి ఎండనుంచీ, కొంతవరకు బూజునుంచీ కాపాడుతుంది. నారు గట్టిపడ్డాక ఆకు లేచి నిలబడి పచ్చబడుతుంది. కోయిల కోసం మామిడి ఎర్రటి చిగురు తొడగలేదని కవులకు చెబితే నొచ్చుకుంటారేమో.

పనసచెట్టు చూడనివారుండరు గానీ కాయ మానుకే ఎందుకు కాస్తుందని అడిగేవారు తక్కువ. పది, ఇరవై కిలోల కాయను కొమ్మ చివర మోయలేదన్నది సగం జవాబే, ఎందుకంటే వేలెడంత పూలను మానుమీద పూసే చెట్లూ వర్షారణ్యంలో బోలెడు. కింది అంతస్తు చీకట్లో తిరిగే చిన్న ఈగలకూ గబ్బిలాలకూ అందేచోట పూయడం ఇందులో ఉన్న కిటుకు. మన నగరంలో గుళ్ళ దగ్గరా పార్కుల్లోనూ కనిపించే నాగలింగం చెట్టును తీసుకోండి. శివాలయాల్లో ఉంటుంది కాబట్టి మన దేశపు చెట్టని అందరూ అనుకుంటారు. అది దక్షిణ అమెరికాలోని గయానా, అమెజాన్ అడవులది. పూవు మాను మీదే. మధ్యలో లింగంలా ఉన్నచోట ఉంగరంలా ఒక కేసరాల వరుస, దానిమీదికి పడగలా వంగిన ఇంకో గుత్తి. పడగలోని పుప్పొడి మొలకెత్తదు, అది తేనెటీగకు మేత. మేత కోసం పడగ కిందికి దూరిన తేనెటీగ వీపుకు ఉంగరంలోని అసలు పుప్పొడి అంటుకుంటుంది. ఆ పూవులో తేనె లేదు.

మేడిపండులో పురుగుల సంగతి తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. ఆ పురుగుల్లో ముఖ్యమైనది ఈగ కాదు, రెండు మిల్లీమీటర్ల కందిరీగ. మనం కాయ అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కొసనున్న చిన్న రంధ్రంలోంచి ఆడ కందిరీగ రెక్కలు విరగ్గొట్టుకుని మరీ దూరి, పూలకు పుప్పొడి అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. మగవాటికి రెక్కలుండవు, పుట్టినచోటే పోతాయి. ఫైకస్‌లో చాలా జాతులకు ఒక్కోదానికి ఒక్కో కందిరీగ జాతి. కందిరీగ వంశం ఆగకూడదంటే ఏదో ఒక చెట్టు ఏడాదిలో ఎప్పుడూ కాస్తూనే ఉండాలి. అందుకే అడవిలో వేరే పళ్ళు లేని నెలల్లో కూడా పక్షులకూ కోతులకూ ఈ పళ్ళు దొరుకుతాయి. రావి, మర్రి ఉన్న క్యాంపస్‌లో పక్షులు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

మరి తెలుగునేల మీద అచ్చమైన వర్షారణ్యం ఉందా? లేదు. దగ్గరివి ఉన్నాయి. మారేడుమిల్లి, రంపచోడవరం, గూడెం, సప్పర్ల, అనంతగిరి కొండల్లో లోయ పట్టున సగం సతతహరితమైన అడవి ముక్కలు మిగిలాయి. వాగుల పక్కన చెట్టంత ఫెర్నులున్నాయి. గిల్లతీగ అనే మహా తీగ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుమీదికి పాకి మీటరు పొడవు దాటే కాయలు వేలాడేస్తుంది. దాని నున్నటి గోధుమరంగు గింజ బోలుగా ఉండి సముద్రంలో తేలుతూ ఖండాలు దాటుతుంది. 1781లో సామర్లకోటకు కంపెనీ వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్‌కు ఆ దగ్గరి కొండల్లోనే అడవి మిరియపు తీగ కనిపించింది. మిరియాలంటే మలబారే అనుకునే రోజుల్లో ఆయన సామర్లకోటలో మిరియపు తోట వేయించాడు, ఆ జాతికి శాస్త్రీయ నామమూ పెట్టాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. ఆయన తోట మిగల్లేదు గానీ, అరకులో ఇవాళ సిల్వర్ ఓక్ మానుకు మిరియం, దాని నీడన కాఫీ పెరుగుతున్నాయి. ఎక్కే తీగ, కింది అంతస్తు పొద. ఎక్కడెక్కడి అడవులనుంచో వచ్చి వర్షారణ్యపు అంతస్తులనే మళ్ళీ పేర్చుకున్నాయి.

ఒకప్పుడు ఈ నేలకు వర్షారణ్యం పరాయిది కాదు. భారత భూఫలకం దక్షిణార్ధగోళం నుంచి ఉత్తరానికి జరుగుతూ సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట భూమధ్యరేఖ దాటింది. ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు ఆనుకుని చదువుకునే గ్రానైటు బండలు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ ప్రయాణం అంతా అవి చేశాయి. అప్పటి అడవికి సాక్ష్యం గుజరాత్‌లో సూరత్ దగ్గరున్న వస్తాన్ లిగ్నైటు గనిలో దొరికింది. అక్కడి అంబరులో, అంటే శిలాజమైన చెట్ల బంకలో, కీటకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ బంక డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లదని 2010లో వెల్లడించారు. ఇవాళ ఆగ్నేయాసియా వర్షారణ్యాలను ఏలుతున్న కుటుంబం అది. బోర్నియోలో 2019లో కొలిచిన వంద మీటర్లు దాటిన చెట్టు ఆ ఇంటిదే. మన పూజగదిలో పొగ వేసే సాల వృక్షపు గుగ్గిలమూ ఆ ఇంటిదే. శేషాచలం, వెలిగొండ కొండల్లో సహజంగా పెరిగే తంబ చెట్టూ ఆ కుటుంబానిదే. గుళ్ళలో ధ్వజస్తంభాలకు దాని మాను వాడేవారు. వాన వెనక్కి తగ్గినా తంబ ఆ రాళ్ళ కొండల్లో మిగిలిపోయింది. ఇప్పుడు అది ముప్పున్న చెట్ల జాబితాలో ఉంది.

ఈ కాలపు కథ వేరు. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, పామాయిల్‌లోనూ అంతే. కోకో అమెజాన్ కింది అంతస్తు చెట్టు, మానుమీదే కాయ కాస్తుంది. ఏలూరు జిల్లాలో కొబ్బరి నీడన దానికి పుట్టిల్లు గుర్తొచ్చే ఏర్పాటే దొరికింది. ఆ సాగు సబబుగానే తోస్తుంది. పామాయిల్ పశ్చిమాఫ్రికా తడి అడవుల చెట్టు, దానికి ఎండ నేరుగా కావాలి, నీళ్ళు ఏడాదంతా కావాలి. మండే వేసవిలో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తగ్గకుండా ఇవ్వాలి. అమెజాన్‌లో పడే వానలో దాదాపు సగం ఆ అడవి చెట్లే ఆవిరిగా వదిలిన నీరని 1979లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు సలాటి బృందం చూపించింది. అక్కడ అడవి తన వానను తానే తిప్పుకుంటుంది. అశ్వారావుపేటలోనో పెదవేగిలోనో ఆ పని బోరుబావి చేయాలి. బోరు ఎంత లోతుకు దిగుతోందో చూసుకోకుండా తెలంగాణ అంతటా ఈ చెట్టును విస్తరించడం నాకు తెలివైన పనిగా కనిపించదు.

చివరగా గింజల మాట. మన మెట్ట మొక్కల గింజలు ఎండి, నిద్రపోయి, వాన కోసం ఎదురుచూస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుబ్యాంకు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ గింజల్ని లక్షకు పైగా రకాలుగా దాచగలుగుతోందంటే ఆ గుణం వల్లే. బాగా ఎండబెట్టి, సున్నాకు 20 డిగ్రీల దిగువన పెడితే దశాబ్దాలు బతుకుతాయి. మామిడి, పనస, కోకో గింజలకు ఎదురుచూడటం తెలియదు. ఎండాకాలమే లేని అడవిలో దేనికోసం ఎదురుచూడాలి? రాలిన వెంటనే మొలవడమే వాటికి తెలిసిన పద్ధతి. పనస గింజ ఒక్కోసారి కాయలోనే మొలకెత్తి ఉంటుంది. ఎండితే చచ్చిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా చచ్చిపోతుంది. ఇలాంటి గింజల్ని వేరే తరగతిగా 1973లో రాబర్ట్స్ అనే ఆయన విడదీశాడు. వీటిని దాచాలంటే చెట్టునే దాచుకోవాలి, అంటే తోటలు, అడవులు.

కాబట్టి బండి దగ్గర కొన్న పనస తొనల గింజలు నాటాలనుకుంటే మిగతా విత్తనాలకు చేసినట్టు ఎండబెట్టకండి. కడిగి, వారంలోపే తడి మట్టిలో పెట్టండి. మొలిచిన మొక్కకు మొదటి రెండు వేసవులు కాస్త నీడా, రోజూ నీళ్ళూ ఇవ్వండి. హైదరాబాదు వాన ఒక్కదానితో అది బతకదు.